జోయాంథిడ్ వెలిసిందా, పాలిపోయిందా, గోధుమబారిందా?

ప్రశ్న: ఇంటి రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) జోయాంథిడ్ అనే మెత్తటి పగడాల రంగు తగ్గితే అన్నిటికీ ‘వెలిసిపోయింది’ అని రాస్తున్నారు. ఆ మాట సరైనదేనా?

జవాబు: కాదు. వెలిసేది గుడ్డ, దాని అద్దకం పోతే మళ్లీ రాదు. ఇక్కడ తగ్గేవి పాలిప్ (పువ్వులా కనబడే ఒక్కో పగడపు జీవి) ఒంట్లో కాపురముండే జూక్సాంథెల్లే అనే శైవలాలు, అంటే సూక్ష్మమైన నాచు. అందుకే ‘పాలిపోయింది’ అనాలి. ముఖం పాలిపోయినట్టే, కోలుకుంటే రంగు తిరిగొస్తుంది. ఎల్ఈడీ వెలుతురు ఒక్కసారిగా పెంచినా, నీరు రోజుల తరబడి 30 డిగ్రీలు దాటినా, నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకి పడినా ఇదే జరుగుతుంది.

– ‘తెల్లబారింది’ అంటే?

– రాతి పగడానికి నప్పుతుంది. శైవలాలు పోగానే దాని ఒంట్లోంచి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనబడుతుంది. జోయాంథిడ్‌కి అలాంటి అస్థిపంజరం లేదు, వట్టి కండే. ఇక ‘తెల్లబోయింది’ అంటే పగడం ఏదో విని బిత్తరపోయినట్టుంటుంది!

పాలిపోవడానికి ఎదురుది కూడా ఉంది. వెలుతురు చాలకపోతే శైవలాలు తమ గోధుమ వర్ణకాలు పెంచుకుంటాయి, పగడం ఆకుపచ్చా నారింజా రంగులు వాటి కింద మరుగున పడిపోతాయి. ఎర్రబారు, నల్లబారు ఉన్నాయి కదా, ‘గోధుమబారు’ అందాం. కాడలు పొడుగ్గా సాగితే వెలుతురు తక్కువనే గుర్తు. వెలుతురు వారానికి 10 శాతానికి మించి పెంచకండి, 80–120 పార్ (శైవలాలు వాడుకోగల వెలుతురు కొలత) దగ్గర ఆపండి. నైట్రేటు 5–10, ఫాస్ఫేటు 0.03–0.1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) మధ్య ఉంచండి. వెలుతురు, ఈ పోషకాలు రెండూ ఒకే వారం కదిపితే ఏది పనిచేసిందో తెలియదు. జోయాంథిడ్లు అంటుకున్న రాయి జరపాల్సి వస్తే చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి: కొన్ని జోయాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకండి.

– పచ్చ అంచు నారింజకి మళ్లితే?

– అది పగడం సొంత ఫ్లోరొసెంట్ ప్రొటీన్ల (నీలి వెలుతురులో మెరిసే రంగు ప్రొటీన్ల) పాళ్లు మారడం. కాయకి వాడినట్టే ‘రంగు తిరిగింది’ అనండి. కాని తెల్లని వెలుతురులో చూశాకే అనండి. 420–460 నానోమీటర్ల నీలి వెలుతురులో పాలిపోయిన పాలిప్ కూడా మెరిసిపోతుంది.

– అయితే ‘పాలిపోయి గోధుమబారింది’ తప్పా?

– తప్పు కాదు, కోలుకునే వరస అదే. శైవలాలు ముందు చేరతాయి, అసలు రంగు కొన్ని వారాలు ఆగి వస్తుంది.