‘నరాల గడ్డ’ అనొచ్చా?

ప్రశ్న (గుంటూరు): మా పిన్నికి దగ్గు తగ్గట్లేదని కొత్తపేటలో ఎక్స్‌రే తీయిస్తే ఛాతీలో, వెన్నెముక పక్కన ఏదో కనబడింది. ముక్క తీసి టెస్టుకు పంపితే ‘గ్యాంగ్లియోన్యూరోమా’ అని వచ్చింది. డాక్టరుగారు ‘కేన్సర్ కాదమ్మా, నరాల గడ్డ’ అన్నారు. ఇంట్లో మామ్మ ‘కాళ్ల మీద పచ్చగా ఉబ్బుతాయే, అవా?’ అంది. బాబాయేమో ‘గడ్డంటే చీము పట్టాలిగా’ అంటాడు. సరైన మాట చెప్పండి.

– మామ్మగారిని తప్పుపట్టలేమండీ. సెలైన్ పెట్టే నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటే అది రక్తనాళం. ‘మెడ నరం పట్టేసింది’ అంటే కండరం. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడే అసలు నరం. పోనీ ‘నాడి’ అందామంటే, మణికట్టు పట్టుకుని చూసేదీ నాడేనాయె.

– గడ్డ అంటే మన వైపు సెగగడ్డే ముందు గుర్తొస్తుంది: సలుపు, ఎరుపు, చీము. నొప్పి లేకుండా నెమ్మదిగా పెరిగేది కంతి. ‘కణితి’ వద్దు బాబూ, పేపర్లు ఆ మాటని కేన్సర్‌కి కట్టేశాయి. మీ పిన్నిగారి చెవిన వేస్తే రాత్రంతా నిద్రపోదు.

– విజయవాడలో పీజీ చేస్తున్నాను, కాస్త పొడుగ్గా రాస్తాను. గ్యాంగ్లియాన్ అంటే గ్రీకులో చర్మం కింద ఉబ్బు. తర్వాత నాడీకణాలు గుంపుగా ఉండే ముడికీ అదే పేరు పెట్టారు. మణికట్టు మీద లేచే నీటితిత్తిని కూడా గ్యాంగ్లియాన్ అంటాం, దానికీ నాడీకణాలకీ ఏ చుట్టరికమూ లేదు. పిన్నిగారిది వేరు. గుండె వేగం, చెమట లాంటివి మన ప్రమేయం లేకుండా నడిపే సింపథెటిక్ నాడుల ముడుల్లోంచి పుడుతుంది. అందుకే వెన్నెముక పక్కన, కడుపు వెనక, మూత్రపిండం పైనున్న అడ్రినల్ గ్రంథిలో కనబడుతుంది. చాలాసార్లు వేరే దేనికో తీసిన స్కాన్‌లోనే బయటపడుతుంది. ఇందులో కణాలు పూర్తిగా ఎదిగినవి. అదే ముడుల్లో ఎదగని కణాలతో పసిపిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా మాత్రం కేన్సరే. పేర్లు దగ్గరగా ఉన్నాయని నెట్‌లో వెతికి బెంబేలెత్తకండి. పక్కవాటిని ఒత్తుతుంటే ఆపరేషన్ చేస్తారు, లేదంటే కొందరికి స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటారు.

– ఇంగ్లీషు పేర్లు మాత్రం ఏం సక్కగా ఏడిశాయి? చెవి దగ్గర వచ్చేదాన్ని ఏళ్ల తరబడి ‘అకౌస్టిక్ న్యూరోమా’ అన్నారు. అది పుట్టేది వినికిడి నరం మీద కాదు, ఒళ్లు తూలకుండా నిలిపే నరం మీద. అదీ నాడీకణంలోంచి కాదు, దాన్ని చుట్టుకున్న ష్వాన్ కణాల్లోంచి. ఇప్పుడు వెస్టిబ్యులర్ ష్వానోమా అంటున్నారు.

– అయితే తొడుగులోంచి పుడితే ‘నరపు తొడుగు కంతి’, పిన్నిగారిదైతే ‘నాడీకణాల కంతి’. రాతలో ఇలా సరిపోతుంది.

– (ప్రశ్న అడిగినవారు) రాతకి ఖాయం మాష్టారూ. మామ్మకి మాత్రం ‘వెన్ను పక్కన కంతి, కేన్సర్ కాదు’ అని చెప్పేశా. ‘మరి దగ్గు సంగతేంటి?’ అంటోంది.