డ్రాప్‌ను ముందే మైకులో ప్రకటించాలా, వద్దా?

పానగల్లు గట్టు:
నల్గొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి ఏరియల్ సిల్క్స్ నేర్చుకుంటున్నాను. తెలియనివారి కోసం రెండు మాటలు. పొడవాటి నైలాన్ గుడ్డను మధ్యలో పట్టి పైన కట్టి, రెండు పాయలుగా కిందికి వదులుతారు. దాన్ని కాళ్లకు, నడుముకు చుట్టుకుంటూ పైకెక్కి నాట్యం చేయాలి. మనల్ని పట్టి ఉంచే తాడు వేరే ఉండదు. కింద లావుపాటి మ్యాట్ ఒకటి పరుస్తారు.

పోయిన నెల ఒక ఫంక్షన్ హాల్లో మొదటిసారి జనం ముందు ఎక్కాను. చివరి ఘట్టం డ్రాప్. నడుముకు రెండు చుట్లు, ఎడమ తొడకు ఒక చుట్టు వేసుకుని చేతులు వదిలేయాలి. చుట్లు గిరగిరా విప్పుకుంటూ ఆరడుగులు కిందికి జారి ఆగుతాం. చుట్టు తిరగబడితే ఆగేది నేల మీదే. అన్నీ సరిగ్గానే వేసుకున్నాను. అరచేతులు మాత్రం తడిసి ముద్దయ్యాయి. మొదటి వరుసలో ఒక పెద్దాయన పళ్లెం ఒళ్లో పెట్టుకుని పెరుగన్నం తింటూ తలెత్తి చూస్తున్నాడు. ముద్ద పట్టుకున్న చెయ్యి నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అది చూశాక నా చేతులు గుడ్డను వదలలేదు. చుట్లు ఒక్కొక్కటే విప్పుకుని దిగి వచ్చేశాను. పాట ఇంకా 40 సెకన్లు మోగింది.

వచ్చే శనివారం మహబూబ్‌నగర్‌లో మళ్లీ ప్రదర్శన. ఈసారి నేను ఎక్కకముందే మైకులో "18 అడుగుల ఎత్తు నుంచి జారబోతున్నారు" అని చెప్పిస్తానంటున్నారు మా శిక్షకురాలు. వెనక్కి తగ్గే దారి మూసేస్తే భయం దానంతట అదే పోతుందని ఆవిడ నమ్మకం. నాకు మనసొప్పడం లేదు. ఇది పిరికితనమా, సబబైన అభ్యంతరమా? మొహమాటం లేకుండా చెప్పండి.

హార్మోనియం శ్రుతి:
మాది మిర్యాలగూడ. 34 ఏళ్లు పౌరాణిక నాటకాల్లో వేషం కట్టినవాణ్ని. మొదటిసారి కృష్ణుడి వేషం వేసిన రాత్రి తెర వెనక వాంతి చేసుకున్నాను. కిరీటం జారి అందులో పడింది కూడా. ఈలోగా హార్మోనియం ఆయన శ్రుతి పట్టేశాడు, తెర లేచింది, పద్యం ఎత్తుకోక తప్పలేదు. రాగం తీసేసరికి భయం ఎటు పోయిందో తెలియలేదు. ఆ శ్రుతే నాకు ప్రకటన. మీ శిక్షకురాలు అనుభవం ఉన్న మనిషి, చెప్పించనివ్వండి. రోట్లో తల దూర్చాక రోకటి పోటుకు వెరవకూడదమ్మా.

గడసాని మనవరాలు:
గురువుగారూ, పద్యం తప్పితే జనం ఈల వేస్తారు. చుట్టు తప్పితే అంబులెన్సు రావాలి. రెండింటికీ ఒకే సామెత ఎలా సరిపోతుంది?

మా అమ్మమ్మ వనపర్తి, గద్వాల వైపు ఊళ్లలో గడ ఎక్కేది. మా కులం పేరును ఊళ్లలో తిట్టుగా వాడతారు కాబట్టి ఇక్కడ రాయను, తెలిసినవారికి తెలుస్తుంది. వెదురు గడ చివర పొట్ట ఆనించి చేతులూ కాళ్లూ చాపి గిర్రున తిరిగేది. కింద తాత డోలు. నేను ఐదారేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని చూసిన సంగతి చెబుతాను. ఆమె పైకి వెళ్లాక కుడి కాలి బొటనవేలు రెండుసార్లు ఆడిస్తేనే డోలు దరువు మారేది. ఆడించకపోతే తాత ఊరి పటేలు మీద హాస్యాలు మొదలుపెట్టేవాడు. జనం పడీ పడీ నవ్వేవారు, అదీ ఆటలో భాగమే అనుకునేవారు. అమ్మమ్మ మామూలుగా దిగి వచ్చేది. పైన ఏం చేయబోతుందో తాత ఒక్కనాడూ ముందుగా చాటలేదు. అలాంటి రోజున జోలెలో గింజలు తగ్గేవి, ఆ మాటా నిజమే. కానీ డెబ్బై దాటాక తన మంచం మీదే పోయింది.

మెట్టుగడ్డ అమ్మ:
ఇంత చర్చ ఎందుకండీ? మా అమ్మాయి కూచిపూడి అరంగేట్రానికి ముందు తెలిసినవారు ఒక మాత్ర ఇచ్చారు. గంటలో గుండె దడ, చేతుల వణుకు రెండూ పోయాయి. ఆ మాత్రే అడిగి వేసుకోండి.

మందుల చీటీ:
మహబూబ్‌నగర్‌లో మందుల దుకాణం నాది. అమ్మా, మీరు చెబుతున్నది ప్రొప్రనలాల్ అయి ఉండాలి. 1960లలో జేమ్స్ బ్లాక్ గుండె జబ్బు కోసం తయారు చేసిన మందు. ఆయనకు 1988లో నోబెల్ కూడా వచ్చింది. వేదిక మీది వణుకుకు ఈ రకం మందులు పనిచేస్తాయన్నది అబద్ధం కాదు. దీనికి తోబుట్టువు లాంటి ఆక్స్‌ప్రెనలాల్‌ను సంగీత వాద్యకారులకు ఇచ్చి చూసిన పరీక్ష 1977లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

అయితే వాయులీనం వాయించే మనిషి కుర్చీలో కూర్చుంటాడు. ఈ అమ్మాయి తలకిందులుగా వేలాడుతుంది. ఈ మాత్ర రక్తపోటు తగ్గిస్తుంది. తలకిందుల నుంచి నిటారుగా లేచినప్పుడు కళ్లు తిరిగితే పట్టుకునేది ఎవరు? ఉబ్బసం ఉన్నవారికైతే ప్రమాదమే. అసలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. "తెలిసినవారు ఇచ్చారు" అన్న మాట నా కౌంటరు దగ్గర రోజూ వింటాను, వింటే ఒళ్లు మండుతుంది.

ఇంకొక సంగతి. ఈ మందు దడను ఆపుతుంది కానీ అరచేతి చెమటను ఆపదు. చెమట గ్రంథులను నడిపే రసాయనం వేరు, ఈ మందు అడ్డుకునే దారి వేరు. ఈ అమ్మాయికి వచ్చిన చిక్కు గుండెతో కాదు, తడిసిన చేతులతో. అంటే కావలసిన చోట పనిచేయని మందు కోసం అక్కర్లేని ముప్పు తెచ్చుకున్నట్టు.

మెట్టుగడ్డ అమ్మ:
ఇంత కథ ఉందని తెలియదండీ. మా అమ్మాయికి చిన్నప్పుడు పిల్లికూతలు వచ్చేవి. ఇప్పుడు నాకు చెమటలు పడుతున్నాయి.

షామియానా:
జడ్చర్లలో టెంటు హౌసు, లైట్లు, స్టేజీ పని చేస్తాను. అక్కా, ఒక్క ప్రశ్న. ఆ రోజు గుడ్డను దేనికి కట్టారు? ఫంక్షన్ హాళ్లలో పైన కనబడేది ఫాల్స్ సీలింగ్, దానికి ఫ్యాను కూడా కట్టకూడదు. కాబట్టి కాళ్ల స్టాండు తెచ్చి ఉంటారు. కింద గ్రానైటా, సిమెంటా? స్టాండు కాళ్ల కింద రబ్బరు ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, జారి టక్కున ఆగిన క్షణంలో స్టాండు మీద పడే బరువు మనిషి బరువుకు మూడు నాలుగు రెట్లు అవుతుంది. 55 కిలోల మనిషి అయితే రెండు క్వింటాళ్ల దాకా పోవచ్చు. 40 కిలోల వడ్ల బస్తాలు ఐదు ఒకేసారి వేలాడదీసినట్టు.

పానగల్లు గట్టు:
నున్నటి గ్రానైట్, తమ్ముడూ. రబ్బరు లేదు. ఇప్పుడు గుర్తొస్తోంది, నేను పైకి లాగిన ప్రతిసారీ ఎడమ వైపు కాలు దగ్గర టక్ టక్ అని చిన్న చప్పుడు. పాట హోరులో దాని సంగతి పట్టించుకోలేదు. క్లాసులో ఇదే డ్రాప్ వందసార్లకు పైగా చేశాను, చేతులు ఎప్పుడూ ఇలా తడవలేదు. అక్కడ గుడ్డ కట్టేది ఇనుప దూలానికి.

హార్మోనియం శ్రుతి:
ఇక నెపం స్టాండు మీదికి పోయింది! ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి ఒకడు.

షామియానా:
మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయమంటారు, పెద్దాయనా? అక్కకు జనం భయమూ ఉంది, స్టాండు భయమూ ఉంది. మొదటిదానికి మీ మైకు మందు కావచ్చు. రెండోదానికి కావలసింది ఇసుక సంచులు. మైకు పెట్టి రెండింటినీ ఒకేసారి తొక్కేస్తే స్టాండు కాలు కదులుతున్న సంగతి ఎవరికి తెలుస్తుంది?

హార్మోనియం శ్రుతి:
సరే, ఇసుక సంచులు వేయించండి, కాదనను. వేశాక? అప్పుడు మిగిలేది జనం భయమే కదా. మా అబ్బాయి ఒక పరిశోధన చదివి వినిపించాడు. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించింది. పాడబోయేముందు "నాకు కంగారుగా ఉంది" అన్నవారికంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవారు బాగా పాడారట. దడ ఒకటే, దానికి పెట్టే పేరు వేరు. మైకు చేసేదీ అదే, అమ్మాయి దడకు అందరి ముందూ ఉత్సాహమని పేరు పెడుతుంది.

గడసాని మనవరాలు:
ఆ మాట అన్నది పాడేవాళ్లే, మైకు పట్టుకున్నవాడు కాదు. తన దడకు తను పేరు పెట్టుకోవడం వేరు, పక్కవాడు పెట్టడం వేరు. ఇంకా ఒకటి. మైకులో చెప్పినప్పటి నుంచి ఆమె చుట్టు సరిచూసుకోవడం మానేసి జనం ఏమనుకుంటారో చూస్తుంది. మా అమ్మమ్మ పైన ఉన్నప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తాత కర్ర తీసుకుని వెంటపడేవాడు.

మందుల చీటీ:
చేతుల తడికి నాకు తెలిసింది చెబుతాను. ఎక్కేముందు చన్నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని, పట్టు జారకుండా మీరు వాడే రోజిన్ పొడి రాసుకోండి. తెర వెనక నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఏడెనిమిది లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె కొంత నెమ్మదిస్తుంది. భయం పూర్తిగా పోదు, ఎక్కడానికి పోనక్కర్లేదు కూడా.

పానగల్లు గట్టు (ఆదివారం రాత్రి):
ఇప్పుడే ఇల్లు చేరాను. నిన్న ప్రదర్శన అయింది.

మైకులో చెప్పించలేదు. మా శిక్షకురాలితో గంటసేపు వాదన జరిగింది. చివరికి రెండు ముగింపులు పెట్టుకున్నాం, ఒకటి డ్రాప్, రెండోది కాళ్లు బార చాపి మెల్లగా దిగడం. నేను ఎడమ పాదం రెండుసార్లు ఊపితే పాట పెట్టే అబ్బాయి చివరి చరణానికి వెళ్లాలి, లేకపోతే పల్లవి మళ్లీ వేయాలి. ఆ ఆలోచన ఎవరి అమ్మమ్మదో చెప్పనక్కర్లేదు. స్టాండు కాళ్ల కింద రబ్బరు ముక్కలు, పైన ఇసుక సంచులు వేయించాం. టక్ అనే చప్పుడు లేదు.

పైకి వెళ్లాను. చుట్లు వేసుకున్నాను. చేతులు కొంచెం తడిగా ఉన్నాయి, పోయినసారి అంత కాదు. పాదం ఊపుదామనుకుంటూనే పల్లవి ఒకసారి పోనిచ్చాను. తర్వాత చూస్తే తొడ చుట్టు బిగువుగా లేదనిపించింది. నిజంగా వదులైందో, నాకే అలా అనిపించిందో ఇప్పటికీ తెలియదు. రెండో ముగింపు చేసి దిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి, ఏదో తగ్గిందని ఎవరికీ అనుమానం రాలేదు. శిక్షకురాలు బస్సు దాకా వచ్చి సంచి అందించారు. డ్రాప్ మాట ఎత్తలేదు.

హార్మోనియం శ్రుతి:
చూశారా, చేయలేదు. ప్రకటించి ఉంటే చేసేవారు.

గడసాని మనవరాలు:
చేసేవారే. వదులు చుట్టుతో.

హార్మోనియం శ్రుతి:
వదులైందో లేదో తనకే తెలియదని అమ్మాయే రాసింది కదా!

షామియానా:
తెలియనప్పుడు దిగడమే నయం. అక్కా, తర్వాత ఎక్కడ?

పానగల్లు గట్టు:
వచ్చే నెల మా నల్గొండలోనే. డ్రాప్ జాబితాలో ఉంది, ప్రకటన లేదు. గురువుగారూ, మీరు తప్పకుండా రావాలి, మొదటి వరుసలో కుర్చీ వేయిస్తాను. భోజనం మాత్రం ముందే ముగించుకుని రండి.