సమస్య: "ఏడుకన్న నొకటి యెక్కువయ్యె"

నిర్వాహకులు (నెల్లూరు):

ఈ వారం సమస్య ఇది. ఈ పాదమే చివర వచ్చేలా మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి.

ఏడుకన్న నొకటి యెక్కువయ్యె

పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రాలు సరదాగా వాయించుకునే మనిషి ఇంట్లో ఎన్ని గిటార్లుండాలి? మన సభ్యుల మధ్య ఎప్పటి నుంచో నలుగుతున్న ఈ మాట దగ్గరే ఈ పాదం నాకు తట్టింది. పూరణ గిటార్ల మీదే రావాలి. ఏడు కొండల మీది ఒక్క స్వామినీ, ఏడు సాలవృక్షాలను కూల్చిన ఒక్క బాణాన్నీ ముందే పక్కన పెట్టండి. ఆ రెండు దారులూ అందరికీ తెలిసినవే, ఇక్కడ చెల్లవు.

కావలి మాష్టారు:

గోడ కేడు వ్రేలె గొప్పగా గీటార్లు
దుమ్ము పట్టి, తీగ తుప్పు పట్టి;
పాత దొకటి యొడిని పాడుచుండగ రేయి
ఏడుకన్న నొకటి యెక్కువయ్యె

పినాకిని:

మాష్టారూ, మీ రెండో పాదం నేను రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. దుమ్ముకు తుప్పుతో యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ పొత్తు), రెండూ వాడని వాయిద్యానికి పట్టేవే. ఎక్కడా అతుకు కనబడదు. మొదటి పాదంలో ఆ "గీటార్లు" ఏమిటి? గిటారు జగణం, అంటే లఘువు, గురువు, లఘువు. మీ పాదంలో అది ఇమడలేదని గి కి దీర్ఘం ఇచ్చి ఇరికించారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఛందస్సు చెప్పిన చేతికి ఇది తగదు. ముందు మాట చివర ఒక లఘువును గి కి తోడిస్తే చాలు, మాటను వంచనక్కర లేదు.

గోడ కెక్కి వ్రేలె గొప్ప కేడు గిటార్లు

ఇలా మార్చి చూడండి.

కావలి మాష్టారు:

మీ సవరణ బాగుంది, కాదనను. అయినా నా పాదం నాదే. మా వీధిలో పదిమందిని అడిగితే ఎనిమిదిమంది గీటారు అనే పలుకుతారు. పరభాషా పదం మన నోట్లో ఎలా స్థిరపడితే అదే దాని రూపం. నిఘంటువు వచ్చి శుద్ధరూపం చెప్పేదాకా జనం ఆగరు.

దీర్ఘం సంగతి ఎత్తారు కనుక పాత మాట ఒకటి అడుగుతాను. "వాన లేక పెన్న వరద పొంగె" అని సమస్య ఇచ్చినప్పుడు నేను పంపిన పాదం గుర్తుందా?

సోమశిలను గేట్లు జోరుగా తెరువగ

సో కి జో తో యతి చెల్లదని మీరు రెండు రోజులు వాదించారు. శషసలకు చవర్గంతో మైత్రి లక్షణకర్తలందరూ ఒప్పుకున్నదే. ఆ మాట మీ నోట ఇంతవరకు రాలేదు.

పినాకిని:

ఆ పాదంలో నా అభ్యంతరం యతి మీద మాత్రమే కాదు. పైన ఎక్కడో వాన పడకపోతే సోమశిల నిండదు, గేట్లు ఎత్తరు. "వాన లేక" అన్న మాటకు సమాధానం రాలేదని కూడా రాశాను. మన ఊళ్ళో చినుకు లేదని ఒక్క మాట పడి ఉంటే ఆ పూరణ గట్టెక్కేది. యతి విషయంలో మీదే సరి. ఇప్పుడు అన్నాను.

నిర్వాహకులు:

పెన్నను వదిలి గిటార్ల దగ్గరికి రండి.

కనిగిరి కుర్రవాడు:

మాష్టారూ, ఒక సందేహం. గోడ మీద ఏడు, ఒడిలో ఒకటి. మొత్తం ఎనిమిది అవుతున్నాయి కదా? నా పూరణలో ఆ ఎనిమిదినే పట్టుకున్నాను.

ఏడు చాలు ననుచు నిల్లాలు చెప్పెను;
చెన్నపురికి పోయి చేరు వేళ
పెట్టె తెరచి చూడ పెదవి విరిచె నామె
ఏడుకన్న నొకటి యెక్కువయ్యె

గుండ్లకమ్మ (ఒంగోలు):

నాయనా, బాగా విరిచావు! అందరూ ఏడు గొప్పా ఒకటి గొప్పా అని తూకం వేస్తుంటే నువ్వు ఏడు మీద ఒకటి పెరిగిందన్నావు. సమస్యలో ఉన్న వైరుధ్యం మాయమై మామూలు మాటగా మిగిలింది. పూరణ అంటే ఇదే. ఒక్కటే లోటు. ఆ పెట్టెలో వీణ ఉన్నా, కుట్టుమిషను ఉన్నా నీ పద్యం మారదు. గిటారు పేరు ఎక్కడుంది?

కనిగిరి కుర్రవాడు:

నిజమే అత్తయ్యా. మూడో పాదం ఇలా మార్చాను.

క్రొత్త పెట్టెలోన కొలువుండెను గిటారు

పినాకిని:

చూశారా మాష్టారూ? "ను గిటారు". సలగణంలో హాయిగా కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు దీర్ఘం లేకుండానే నెగ్గుకొచ్చాడు.

కావలి మాష్టారు:

కుర్రవాడిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. మధ్యవర్తుల అవసరం లేదు. కానీ సవరణలో ఇల్లాలు పెదవి విరవడం పోయింది. పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. గిటారు వచ్చింది, మనిషి వెళ్ళిపోయింది. నేనైతే మొదటి పాఠమే ఉంచుకుంటాను.

కనిగిరి కుర్రవాడు:

పద్యం సంగతి పెద్దలు చెప్పండి. ఎనిమిదోది ఎందుకు కొంటారో నేను చెబుతాను. నైలాన్ తీగల గిటారుకు ఇనుప తీగలు బిగించకూడదు. ఇనుప తీగలు ఆరూ కలిసి పలకను సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి, నైలాన్ తీగలు సుమారు 40 కిలోలే. మార్చి బిగిస్తే బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే చెక్క) లేచిపోతుంది. అంటే అక్కడే రెండు తప్పవు. ఎలక్ట్రిక్ మూడోది. అందులో 1952లో వచ్చిన లెస్ పాల్, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ ఒకలాగా పలకవు. తీగ పొడవులోనూ తేడా ఉంది, ఒకదానికి 24.75 అంగుళాలు, ఇంకొకదానికి 25.5. ఇప్పటికే నాలుగు. పన్నెండు తీగలది, బాస్ లెక్కలోకే రాలేదు. ఒకటి చాలు అనేవారు ఏ ఒకటో కూడా చెప్పాలి.

గుండ్లకమ్మ:

ఆ ప్రశ్న వీణకు ఎప్పుడూ రాలేదు, గమనించావా? మా అమ్మగారి తరంలో వీణ నేర్చినవారి ఇంట్లో వీణ ఒక్కటే. ఎన్ని ఉండాలని ఎవరూ అడగలేదు. నాలుగు వాయించే తంత్రులు, మూడు తాళపు తంత్రులు, 24 మెట్లు. ఏ రాగమైనా ఆ ఒక్కదాని మీదే. నా పూరణ ఆ దారిలో వచ్చింది.

సరిగ మపద నియను స్వరము లేడింటిని
ఒక్క తీగ మోసె నొద్దికగను
మెట్టు మెట్టు నొక్క మేళమై పలికెను
ఏడుకన్న నొకటి యెక్కువయ్యె

కావలి మాష్టారు:

అమ్మా, నమస్కారం. మొదటి పాదంలో స్వరాలు వాటి వరుసలోనే నడుస్తూ మూడు నగణాలలో సరిపోయాయి, మాట ఎక్కడా నలగలేదు. ఏడు స్వరాలకు ఒక తీగను పోటీ పెట్టడం ఈ సమస్యకు దొరికే లోతైన అర్థం. గిటారులో పన్నెండో మెట్టు తీగను సరిగ్గా సగం చేస్తుంది, అక్కడ పై షడ్జమం పలుకుతుంది. ఆ మధ్యలోనే ఏడు స్వరాలూ ఉన్నాయి. శాస్త్రం కూడా నిలిచింది.

పినాకిని:

పద్యం అందంగా ఉంది, సందేహం లేదు. కానీ అడిగింది ఎన్ని గిటార్లని. అమ్మగారు ఎన్ని తీగలని జవాబిచ్చారు. కుర్రవాడి పెట్టెలో వీణ ఉండవచ్చని పట్టుకున్న అమ్మగారి పద్యంలోనే గిటారు లేదు. మెట్లు వీణకూ ఉన్నాయి. మాష్టారి కంటికి నా పద్యాలలో కనబడేవి ఇక్కడ ఎందుకు కనబడలేదో!

గుండ్లకమ్మ:

ఒప్పుకోను. తాళపు తంత్రులతో, అనుమంద్రంతో నిండిన వీణను ఒక్క తీగ అనరు. ఒక్క తీగ మీద సాధన చేయడం గిటారు నేర్చుకునేవారి మొదటి పాఠం. అయినా అడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది. ఒక తీగ మీద ఏడు స్వరాలు శుద్ధంగా పలకనివారు రెండో గిటారు కొనక్కర లేదు. మీ పూరణ ఏదీ?

పినాకిని:

ఇదిగో.

అరిగి చిల్లు పడిన దమెరికా వానిది
ఏబదేండ్ల పైన నింపు పాట
ఎన్ని కొన్న నతని కీడైన తోడేది
ఏడుకన్న నొకటి యెక్కువయ్యె

ఎవరిని గురించో తెలియనివారికి: అమెరికా కంట్రీ సంగీత గాయకుడు విల్లీ నెల్సన్. ఆయన చేతిలోది మార్టిన్ ఎన్-20, 1969లో కొన్నది, ట్రిగ్గర్ అని పేరు పెట్టుకున్నాడు. వేళ్ళతో మీటడానికి చేసిన నైలాన్ తీగల గిటారు కనుక దాని పలక మీద రక్షణ తొడుగు ఉండదు. ఆయన పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళతో, వాయిస్తూ వచ్చాడు. ఏళ్ళ తరబడి గీరుకుని స్వరరంధ్రం పక్కన ఇంకో చిల్లు పడింది. ఆ చిల్లుతోనే వాయిస్తున్నాడు.

కావలి మాష్టారు:

"అమెరికా" అన్న మాట నాలుగో గణంగా నగగణంలో అమరడం చూసి ముచ్చటపడ్డాను. దమెరికాలో స్వరయతి కూడా శుభ్రంగా ఉంది. ఇక రెండో పాదం. "పైన నింపు పాట". మీరు ఇంపైన పాట అనుకున్నారు. చదివేవాడికి పైన ఏదో నింపుతున్నట్టు వినబడుతుంది. యతి కోసం ఇకారం కావలసి వచ్చి ఆ మాట తెచ్చారు. నా గీ కి చెప్పిన తప్పు కంటే ఇది పెద్దది. నాది చెవికి కొట్టొచ్చినట్టు వినబడుతుంది, మీది అర్థాన్నే తప్పిస్తోంది.

పినాకిని:

సంధి విడదీసి చదివేవారికి ఆ చిక్కు రాదు. ప్రాచీనుల పద్యాలలో ఇలాంటివి వందలున్నాయి.

మైపాడు గాలి:

నేను గిటారు వాయించేవాడిని, పద్యాలు చదివేవాడినే తప్ప రాసేవాడిని కాదు. రెండు మాటలు చెప్పాలని ఉంది. నెల్సన్ ఉదాహరణ మనకు సరిపోదు. ఆయనకు అది వృత్తి, రోజూ చేతిలో ఉంటుంది. మనం వారానికి నాలుగు సాయంత్రాలు కూర్చుంటే గొప్ప. కుర్రవాడు చెప్పిన రకాలు కూడా నిజమే, కానీ ఆ లెక్క కొట్టులో వేసే లెక్క. ఇంటి లెక్క వేరు. ఏడు గిటార్లకు 42 తీగలు. మా తీరంలో ఉప్పుగాలికి ఇనుప తీగలు త్వరగా నల్లబడతాయి, వాయించకపోయినా సరే. అన్నీ మార్చాలి. చెక్క గిటారుకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. ఇక్కడ వానాకాలంలో అంతకు ఎంతో మించుతుంది, పలక ఉబ్బి తీగలు మెట్లకు ఎత్తయి వేళ్ళు నొప్పి పెడతాయి. ఎండాకాలంలో ఏసీ గదిలో ఉంచితే ఎండి మెడ వంగుతుంది. ప్రతి ఋతువులోనూ ఒక్కొక్కదాని మెడ సరిచూడాలి. ఇదంతా శ్రద్ధగా చేయగలిగినన్ని గిటార్లే మనిషికి ఉండాలని నా నమ్మకం. నా విషయంలో అవి రెండు, ఒక నైలాన్, ఒక ఇనుము. మూడోది ఇంట్లో ఉంటే ఈ రెంటిలో ఒకదానికి అన్యాయం జరుగుతుంది.

గుండ్లకమ్మ:

ఇంత చెప్పినవారు పద్యం రాయకపోవడం ఏమిటి? మాష్టారి దుమ్ము, తుప్పు అన్న పాదానికి మీరు భాష్యం రాశారు. ఒక్క ప్రయత్నం చేయండి బాబూ, గణాలు మేము చూస్తాము.

మైపాడు గాలి:

అమ్మగారి మాట కాదనలేక.

ఆరు పంచి పెట్టె నా వాడ పిల్లల
కొకటి తనకు మిగిలె, నొక్క పాట
వాడవాడ మ్రోగె పండుగ రీతిగ
ఏడుకన్న నొకటి యెక్కువయ్యె

పినాకిని:

ఇది మొదటి పద్యమా! వాడవాడకు పండుగ యతి చక్కగా పడింది. గోడ మీద ఏడు వేలాడుతూ ఉండడం కంటే ఆరు చేతులు మారడం ఎంతో మేలని అనిపించేలా చెప్పారు. మాష్టారి పద్యంలో ఒకటి మిగతా ఏడింటినీ చిన్నబుచ్చి గెలిచింది, ఇక్కడ ఆ పని లేదు. ఈ మాట మాష్టారి మీద కోపంతో అనడం లేదు.

కావలి మాష్టారు:

నేనూ అంతే అంటాను, మెచ్చుకోవడంలో పినాకిని గారితో పేచీ లేదు. ఒక్క చోట చూడండి. "పెట్టె నా వాడ". ఆ వాడా, నా వాడా? రెండూ కుదురుతున్నాయి. నా వాడ అని చదివితే పంచినవాడు వేరొకడు, చెప్పేవాడు వేరొకడు. అప్పుడు కవి ఆ వీధిలో ఉండి పాట విన్నవాడవుతాడు. నాకు ఆ అర్థమే నచ్చింది. "పిల్లల కొకటి" దగ్గర మాత్రం పిల్లలకు ఒకటే ఇచ్చాడన్న భ్రమ కలుగుతోంది. పాదం చివర కాస్త ఆగి చదవాలి.

కనిగిరి కుర్రవాడు:

నాకు వేరే సందేహం. ఆ ఆరూ పెద్ద గిటార్లేనా? మామూలు నైలాన్ గిటారు తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల చేతికి మొదటి మెట్టు అందదు, ముప్పావు సైజు కావాలి.

మైపాడు గాలి:

పై తరగతుల పిల్లలని అనుకుందాం బాబూ. పన్నెండు దాటినవారికి చాలామందికి పూర్తి సైజు అందుతుంది.

కావలి మాష్టారు:

కుర్రవాడు తన ఎనిమిదింటిలో ఎన్ని పంచుతాడో ఇంకా చెప్పలేదు.

కనిగిరి కుర్రవాడు:

పద్యంలో ఎనిమిది మాష్టారూ. ఇంట్లో మూడు. స్ట్రాటోకాస్టర్ లాంటిది ఒకటి, ఇనుప తీగలది ఒకటి, నేను నేర్చుకున్న పాత నైలాన్ ఒకటి. ఆ నైలాన్ ఇవ్వాలని ఇప్పుడు అనిపిస్తోంది, చేయి మాత్రం రావడం లేదు.

నిర్వాహకులు:

ఈ వారానికి నా నిర్ణయం. విరుపుకు కనిగిరి కుర్రవాడి పద్యం, మాష్టారు చెప్పినట్టు పెదవి విరిచిన మొదటి పాఠంతోనే. భావానికి మైపాడు గాలి గారి పద్యం. నడకకు గుండ్లకమ్మ గారి మొదటి పాదం. మాష్టారి రెండో పాదం మీద పినాకిని గారు చెప్పినదానికి నేను కలపవలసింది లేదు. గీటారు, గిటారు వాదంలో నేను గిటారు పక్షం. మాష్టారు మన్నించాలి. నెల్సన్ పద్యంలో "ఇంపు" మార్చి పంపితే దాన్నీ ఈ వరుసలో చేరుస్తాను.

వచ్చే వారానికి:

మెట్టు లేని వీణ మిన్ను ముట్టె

పినాకిని:

మెట్లు లేని బాస్ గిటార్లు ఉన్నాయి. ఆ దారి నాది, ఎవరూ తీసుకోవద్దు.

కావలి మాష్టారు:

తీసుకోండి. ఈసారి గిటారు మాట పడితే గి కి ముందు ఏ లఘువు పెడతారో చూస్తాను.