బ్యాంక్ గ్యారంటీ బదులు ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండ్: 12 కోట్ల రోడ్డు పనికి ఎలా పెట్టాలి?

రోలర్‌బండి (ప్రశ్న)

కేంద్ర శాఖ రోడ్డు పని. అంచనా విలువ 12 కోట్లు. ఈఎండీ (బిడ్‌తో పాటు పెట్టే ధరావతు) 2 శాతం, పని వస్తే పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (పని సరిగ్గా పూర్తి చేస్తానన్న హామీ సొమ్ము) 5 శాతం. పని గడువు 18 నెలలు, డిఫెక్ట్ లయబిలిటీ (పని అయ్యాక లోపాలు సరిచేయాల్సిన కాలం) 12 నెలలు. డీడీ, ఎఫ్‌డీఆర్ (ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు), బ్యాంక్ గ్యారంటీ, ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండ్‌లలో ఏదైనా పెట్టొచ్చని టెండర్‌లో రాశారు. బ్యాంకులో గ్యారంటీల లిమిట్ దాదాపు నిండిపోయింది, అందుకే బాండ్ వైపు చూస్తున్నాను.

మూడు సంగతులు తెలియాలి. ఇది ఇన్సూరెన్సే కదా, పని మధ్యలో ఆగి శాఖ క్లెయిమ్ చేస్తే కంపెనీ కట్టేసి ఊరుకుంటుందా? బ్యాంక్ గ్యారంటీతో పోలిస్తే ఖర్చు ఎంత? కాగితాల్లో ఎక్కడ తిరగ్గొడతారు?

కొలతలపుస్తకం

మొదటి ప్రశ్నకు జవాబు: ఊరుకోదు. కట్టిన ప్రతి రూపాయీ మీ దగ్గర వసూలు చేస్తుంది. పేరులో ఇన్సూరెన్స్ ఉంది కదా అని లారీకి పాలసీ తీసుకున్నట్టు అనుకుంటే చివర్లో పెద్ద దెబ్బ తగులుతుంది. పాలసీలో మీరూ కంపెనీ ఇద్దరే ఉంటారు, నష్టం కంపెనీ భరిస్తుంది. బాండ్‌లో ముగ్గురుంటారు. పని చేస్తానని మాటిచ్చిన కాంట్రాక్టర్, ఆ మాట ఎవరికిచ్చాడో ఆ శాఖ, మాట తప్పితే నేను కడతానని నిలబడ్డ కంపెనీ. ఊళ్లో అప్పుకు జామీను ఉండటం లాంటిదే, కాకపోతే ఇక్కడ జామీనుదారు ఫీజు తీసుకుంటాడు.

చట్టం 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్. గ్యారంటీ ఒప్పందం అంటే ఏమిటో 126వ సెక్షన్ చెబుతుంది. అసలు వ్యక్తి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతేనని 128 చెబుతుంది. మీరు గుర్తుపెట్టుకోవలసింది 145: జామీనుదారు న్యాయంగా కట్టిన సొమ్ము అసలు వ్యక్తి తిరిగి ఇవ్వాలి. ఇది చాలదన్నట్టు బాండ్ ఇచ్చే ముందు కంపెనీ మీతో ఇండెమ్నిటీ అగ్రిమెంట్ (తను కట్టింది మీరు తిరిగి ఇస్తారన్న ఒప్పందం) రాయించుకుంటుంది. అందులో సంస్థతో పాటు భాగస్వాములో డైరెక్టర్లో సొంత పేర్లతో సంతకం చేయాలి. ప్రీమియం ఎంతో చూసేముందు ఆ అగ్రిమెంట్ చదవండి. ఇల్లూ పొలమూ దాని కిందికి వస్తాయో లేదో అక్కడే తేలుతుంది.

మన దగ్గర ఈ పద్ధతి కొత్త. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందే, అదే ఏడాది ఫిబ్రవరిలో, కేంద్ర జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 170, 171 నిబంధనలు సవరించి బిడ్ సెక్యూరిటీకీ (అంటే ఈఎండీకి) పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకీ ఈ బాండ్లను ఒప్పుకున్నారు. బిడ్, పెర్ఫార్మెన్స్, అడ్వాన్స్ పేమెంట్, రిటెన్షన్ మనీ (బిల్లుల్లోంచి శాఖ పట్టి ఉంచే సొమ్ము) అన్నిటికీ బాండ్లున్నాయి. అప్పు తీరుస్తానని హామీ ఇచ్చే ఫైనాన్షియల్ గ్యారంటీ మాత్రం ఇందులో ఇవ్వరు.

ఇంకొక్క మాట. శాఖలు అడిగే నమూనా చాలావరకు బ్యాంక్ గ్యారంటీ నమూనాకు నకలే. అడిగిన వెంటనే, అభ్యంతరం చెప్పకుండా, కాంట్రాక్టర్‌ను సంప్రదించకుండా కడతామని కంపెనీ రాసిస్తుంది. కాబట్టి శాఖ ఉత్తరం పంపితే, తప్పు మీదా వాళ్లదా అన్న విచారణ జరగకుండానే డబ్బు వెళ్తుంది. ఇలాంటి షరతుల్లేని గ్యారంటీ చెల్లింపును కోర్టు ఆపాలంటే ఘోరమైన మోసమో, తిరిగి పూడ్చలేని అన్యాయమో చూపించాలి. సైట్ అప్పగించడం ఆలస్యమైంది, బిల్లులు రాలేదు అన్న వాదనలు ఎంత నిజమైనా ఆ దశలో నిలబడవు, తర్వాత ఆర్బిట్రేషన్‌లో (మధ్యవర్తి ముందు) తేల్చుకోవాలి.

లెక్కలగుమాస్తా

ఖర్చు మీ అంకెలతోనే వేద్దాం. పని 12 కోట్లకే వచ్చిందనుకుంటే 5 శాతం అంటే 60 లక్షలు. 18 నెలలు, 12 నెలలు, ఆపైన 171వ నిబంధన అడిగే 60 రోజులు కలిపి 32 నెలల కాలం.

బ్యాంకులో మార్జిన్ 15 శాతం, కమిషన్ ఏడాదికి 1.5 శాతం అనుకోండి. 9 లక్షలు ఎఫ్‌డీగా బిగుసుకుంటాయి. కమిషన్ 32 నెలలకు 2.40 లక్షలు, 18 శాతం జీఎస్టీ 43,200, మొత్తం 2,83,200. మిగతా 51 లక్షలకు తనఖా ఆస్తి చూపాలి.

బాండ్ ప్రీమియం ఏడాదికి 2 శాతం అనుకుంటే 3.20 లక్షలు, జీఎస్టీ 57,600, మొత్తం 3,77,600. ఈ రేట్లన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవే, మీ ఫైలు బలాన్ని బట్టి రేటు మారుతుంది. ప్రీమియం సాధారణంగా మొత్తం కాలానికి ముందే కట్టమంటారు. రెండిటిలోనూ జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు.

చూడ్డానికి బాండే ఖరీదు. అయితే 9 లక్షలు చేతిలో ఉంటాయి, 60 లక్షల లిమిట్ ఇంకో టెండర్‌కు మిగులుతుంది. తారుకు అడ్వాన్సు కట్టాల్సిన నెలలో ఈ తేడా తెలుస్తుంది. లిమిట్ ఖాళీగా ఉన్నవాళ్లు బాండ్ కోసం పరుగెత్తడం అనవసరం. మీ పరిస్థితి వేరు కాబట్టి మీకు పనికొస్తుంది. ఇంకోటి, తనఖా అక్కర్లేదన్న మాట అందరికీ వర్తించదు. ఫైలు బలహీనంగా ఉంటే కంపెనీ కూడా ఎఫ్‌డీ అడుగుతుంది. అలా అడిగితే లాభం సగం పోయినట్టే.

ఇక ఫైలు. మూడేళ్ల ఆడిటెడ్ బ్యాలెన్స్ షీట్లు, ఐటీ రిటర్నులు, జీఎస్టీ 3బీలు (నెలవారీ జీఎస్టీ రిటర్నులు), 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, బ్యాంక్ శాంక్షన్ లెటర్, కంప్లీషన్ సర్టిఫికెట్లు, యంత్రాల జాబితా, కోర్టు, ఆర్బిట్రేషన్ కేసుల వివరం, ప్రమోటర్ల ఆస్తులకు సీఏ సర్టిఫికెట్. వీటన్నిటికంటే జాగ్రత్తగా తయారు చేయాల్సింది చేతిలో ఉన్న పనుల పట్టిక. ప్రతి పనికీ అగ్రిమెంట్ విలువ, ఇప్పటిదాకా అయిన బిల్లు, మిగిలిన పని, అసలు గడువు, పొడిగించిన గడువు, దాని మీద ఉన్న గ్యారంటీలు, రావలసిన బాకీ ఎన్ని రోజులదో రాయాలి. బాండ్ ఇచ్చేవాడు మీ ఆస్తి కంటే ముందు ఈ పట్టికే చూస్తాడు, ఎందుకంటే కొత్త పని బాండ్ మీద క్లెయిమ్ వచ్చేది చాలాసార్లు ఆ పని డబ్బును పాత పని మింగేసినప్పుడే.

తిరగ్గొట్టే కారణాల్లో ముందుండేది టర్నోవర్ పొంతన కుదరకపోవడం. 26ఏఎస్‌లో (మీ పేరున కోసిన టీడీఎస్ చూపే ఆదాయపు పన్ను పత్రం) కనిపించే రాబడి ఒకటి, 3బీలో ఒకటి, లాభనష్టాల ఖాతాలో మరొకటి ఉంటుంది. తప్పు లేకపోయినా ఇలా జరుగుతుంది. మార్చిలో ఎంబుక్‌లో (శాఖ పని కొలతలు రాసే పుస్తకం) రికార్డయిన బిల్లుకు శాఖ మేలో డబ్బిచ్చి టీడీఎస్ వేస్తే ఆ రాబడి 26ఏఎస్‌లో మరుసటి ఏడాదికి పోతుంది. ఒక పేజీలో బిల్లువారీగా రికన్సిలియేషన్ (తేడా ఎందుకొచ్చిందో చూపే లెక్క) రాసి, సీఏ సంతకంతో ముందే జతచేయండి. వాళ్లు అడిగాక ఇస్తే దాన్ని సంజాయిషీలా చూస్తారు.

తర్వాతవి: ఆరు నెలలు దాటిన బాకీలు ఎక్కువగా ఉండటం, సంస్థ డబ్బు బంధువుల కంపెనీలకు అప్పుగా పోవడం, ఇప్పటిదాకా చేసిన అతి పెద్ద పని 3 కోట్లయితే ఒక్కసారిగా 12 కోట్లకు బాండ్ అడగడం, అంచనా కంటే బాగా తక్కువకు కోట్ చేయడం. చివరి దానికి రేట్ అనాలిసిస్ (ఆ రేటుకు పని ఎలా గిట్టుతుందో చూపే లెక్క) పెట్టగలిగితే పెట్టండి.

టెండర్‌బాక్స్

పైవాళ్లు డబ్బు సంగతి చెప్పారు. టెండర్లు పోయేది ఎక్కువగా తేదీల దగ్గర.

బిడ్ వ్యాలిడిటీ 120 రోజులు, ఆపైన 45 రోజులు బాండ్ ఉండాలి అన్నారనుకోండి. లెక్క మొదలయ్యేది బిడ్ వేసే చివరి తేదీ నుంచి, బాండ్ రాసిన తేదీ నుంచి కాదు. చివరి తేదీ జూన్ 10 అయితే 120 రోజులు అక్టోబర్ 8కి, మరో 45 రోజులు నవంబర్ 22కి పూర్తవుతాయి. మీరు జూన్ 3న బాండ్ తీసుకుని 165 రోజులు వేయిస్తే నవంబర్ 15తో అయిపోతుంది. ఏడు రోజుల తేడాకు బిడ్ నాన్ రెస్పాన్సివ్ అవుతుంది, అంటే షరతులకు సరిపోలేదని తీసేస్తారు. ఈలోగా కొరిజెండం (టెండర్‌కు సవరణ ప్రకటన) వచ్చి చివరి తేదీ జూన్ 25కి జరిగితే బాండ్ డిసెంబర్ 7 దాకా ఉండాలి. కొరిజెండం చూసి రేట్లు మార్చుకుంటారు గానీ బాండ్ మార్చుకోవడం మరిచిపోతారు. మొదటే ఒక నెల ఎక్కువ వేయించుకోండి, దానికయ్యే ప్రీమియం స్వల్పం.

మాటలు కూడా శాఖ నమూనాలో ఎలా ఉంటే అలాగే ఉండాలి. లబ్ధిదారు హోదా, టెండర్ నంబర్, సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ. కంపెనీ తన సొంత నమూనాలో ‘నష్టం రుజువైతే’ అన్న మాట ఒక్కటి చేర్చినా శాఖ ఒప్పుకోదు. డ్రాఫ్ట్ తెప్పించుకుని, టెండర్ నమూనా పక్కన పెట్టి, వాక్యం వాక్యం పోల్చాకే ప్రీమియం కట్టండి. జాయింట్ వెంచర్ అయితే భాగస్వాములందరి పేర్లూ అగ్రిమెంట్‌లో ఉన్నట్టే పడాలి.

పని మొదలయ్యాక ఈఓటీ (గడువు పొడిగింపు) వస్తే వెంటనే కంపెనీకి తెలియజేయండి. అసలు ఒప్పందాన్ని జామీనుదారు సమ్మతి లేకుండా మారిస్తే ఆ తర్వాతి లావాదేవీలకు అతను విముక్తుడని 133వ సెక్షన్ చెబుతుంది. శాఖల నమూనాలో ఆ హక్కు వదులుకున్నట్టు ముందే రాయించుకుంటారు, కాబట్టి శాఖకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మీకే: గడువు ముగిసేలోగా పొడిగించిన బాండ్ చేతికి రాకపోతే ‘పొడిగించండి, లేదా కట్టండి’ అని శాఖ ఉత్తరం రాస్తుంది. కనీసం రెండు నెలల ముందే కదలండి, ఎందుకంటే పొడిగింపుకు కూడా కంపెనీ మీ ఫైలును మళ్లీ చూస్తుంది.

రోలర్‌బండి

అందరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు సందేహాలు. కంకర, స్టీలు ఇచ్చేవాళ్లు ‘నీకు బాండ్ ఉంది కదా, మా బాకీకి అది భరోసా’ అంటున్నారు. నిజమా? రాష్ట్ర ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) టెండర్లలోనూ ఇదే బాండ్ నడుస్తుందా?

డాలస్‌సైట్

మీ బాండ్ వాళ్లకు ఏ భరోసా ఇవ్వదు, అది శాఖ పేరున ఉంటుంది. ఈ గందరగోళం అమెరికా సంగతులు విని వచ్చేది. నేనున్న అమెరికాలో 1935 నాటి మిల్లర్ చట్టం ప్రకారం ఫెడరల్ నిర్మాణ పనులకు రెండు బాండ్లు వేరువేరుగా ఇవ్వాలి: పని పూర్తికి పెర్ఫార్మెన్స్ బాండ్, సబ్ కాంట్రాక్టర్లకూ సరుకు ఇచ్చినవాళ్లకూ పేమెంట్ బాండ్. ప్రధాన కాంట్రాక్టర్‌తో నేరుగా ఒప్పందం లేని సరఫరాదారు చివరి సరుకు ఇచ్చిన 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఏడాదిలోపు దావా వేయాలి. టెక్సస్ రాష్ట్ర పనులకూ ఇలాంటి చట్టమే ఉంది.

ఇంకో తేడా: ఇక్కడ శాఖ డిఫాల్ట్ ప్రకటిస్తే ష్యూరిటీ ముందు విచారిస్తుంది. తర్వాత పాత కాంట్రాక్టర్‌కు డబ్బిచ్చి పూర్తి చేయించడమో, కొత్తవాణ్ణి తేవడమో, సొమ్ము కట్టడమో చేస్తుంది. బాండ్ సాధారణంగా కాంట్రాక్ట్ విలువలో 100 శాతం ఉంటుంది. అందుకే అమెరికా వ్యాసాలు చదివి భారతదేశపు బాండ్‌ను అంచనా వేయకండి. పేరు ఒకటే గానీ పనితీరు వేరు.

కొలతలపుస్తకం

రాష్ట్ర టెండర్ల సంగతి: జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ కేంద్ర శాఖలకు. రాష్ట్ర పనులకు రాష్ట్రం కోడ్, జీఓలు, ఆ టెండర్ షరతులే ప్రమాణం. సెక్యూరిటీ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే క్లాజులో ష్యూరిటీ బాండ్ అన్న మాట లేకపోతే పెట్టకండి, బిడ్ పోతుంది. ప్రీబిడ్‌లో (బిడ్లకు ముందు శాఖ సందేహాలు తీర్చే సమావేశం) రాతపూర్వకంగా అడిగి, జవాబు కొరిజెండంగా వస్తేనే నమ్మండి. ఫోన్లో ఇంజనీరు గారు సరే అన్నా చెల్లదు.

పని పూర్తయ్యాక చాలామంది వదిలేసేది ఒకటుంది. డిఫెక్ట్ లయబిలిటీ ముగియగానే శాఖ నుంచి బాండ్ విడుదల ఉత్తరం తీసుకుని, ఒరిజినల్‌తో కలిపి కంపెనీకి ఇచ్చి రసీదు తీసుకోండి. అది వాళ్ల రికార్డుల్లో మూతపడేదాకా ఆ 60 లక్షలు మీ పేరున నిలిచి ఉన్నట్టే లెక్క, తర్వాతి బాండ్ అడిగినప్పుడు అంత మేర కోత పడుతుంది.