విన్‌స్టన్ తుపాను వెళ్లినట్టే వెళ్లి ఫిజీ మీదికి ఎందుకు తిరిగి వచ్చింది?

దేవరకొండ సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. గత వారం తుపానుల పాఠంలో, 2016 ఫిబ్రవరిలో ఫిజీని తాకిన విన్‌స్టన్ దారిని పటం మీద సుద్దముక్కతో గీసి చూపించాను. పసిఫిక్‌లో ఫిజీకి పడమటనున్న వనువాటు దగ్గర పుట్టి, ఆగ్నేయంగా సాగి, తరువాత ఫిజీకి తూర్పుననున్న టోంగా వైపు మళ్లి, అక్కడి నుంచి పడమటికి తిరిగి ఫిబ్రవరి 20న ఫిజీ మీద విరుచుకుపడిన తుపాను అది. వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "పోయిన తుపాను మళ్లెందుకొచ్చింది సార్?" అని అడిగింది. గాలి దిశ మారిందని చెప్పి ఆ పూటకు తప్పించుకున్నాను గానీ, అది జవాబు కాదని నాకే తెలుసు.

నాకు ఇంకొక సందేహం కూడా ఉన్నది. ఫిజీలో చనిపోయినవారు 44 మంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనతో పోల్చితే ఇది చాలా తక్కువ. అయినా దేశ వార్షికోత్పత్తిలో దాదాపు ఐదో వంతు నష్టమైందని చదివాను. తుపాను అంటే మన వైపు కల్లంలో పోసిన వడ్లను తడిపే ముసురే కాబట్టి, ఆ లెక్క పిల్లలకు ఎట్లా అర్థం చేయించాలో తోచడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

పాలమూరు వాన లెక్కలు:

మాస్టారూ, ఆ అమ్మాయి అడిగినది చాలా మంచి ప్రశ్న. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి డాబా మీద వానకొలత పెట్టుకొని పదేళ్లుగా లెక్కలు రాస్తున్న అలవాటు కొద్దీ నాకు తెలిసినంత చెబుతాను.

చెరువు అలుగు పారేటప్పుడు కింద పడే సుడిని పిల్లలు చూసే ఉంటారు. సుడి తనంతట తాను గిర్రున తిరుగుతుంది గానీ, ఎటు పోవాలన్నది దాని చేతిలో ఉండదు, చుట్టూ ఉన్న ప్రవాహం ఎటు తోస్తే అటు పోతుంది. తుపానూ అంతే. విన్‌స్టన్‌ను మొదట ఉత్తరాన ఉన్న అధిక పీడనం ఆగ్నేయానికి తోసింది. ఆ దారిలో ఒకసారి బాగా బలపడి, పై గాలులు కింది గాలులతో పొసగక బలహీనపడింది కూడా. తరువాత ఈశాన్యానికి మళ్లి, టోంగాకు ఉత్తరాన దాదాపు నిలిచిపోయినంత నెమ్మదించింది. అంతలో దానికి దక్షిణాన మరొక అధిక పీడన ప్రాంతం బలపడి, పడమటికి దారి తెరిచింది. టోంగాలోని వవావు దీవులు కొద్ది రోజుల తేడాతో ఈ ఒక్క తుపానుకే రెండుసార్లు గురయ్యాయి.

వెనక్కి తిరిగిన తరువాతే అది అసలు రూపం చూపించింది. తుపాను బతకాలంటే సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడిగా ఉండాలి. అది బలమైన ఎల్ నినో నడుస్తున్న ఏడాది, అక్కడి నీరు అంతకంటే బాగా వేడిగా ఉన్నది, పై గాలుల అడ్డు కూడా తగ్గింది. తుపాను కేంద్రంలో గాలి పీడనం ఎంత పడితే అది అంత బలమైనదని లెక్క. విన్‌స్టన్ కేంద్రంలో పీడనం 884 హెక్టోపాస్కల్స్‌కు (పీడనం కొలిచే ప్రమాణం) పడిపోయింది, పది నిమిషాల సగటు గాలి వేగాన్ని గంటకు 280 కిలోమీటర్లుగా లెక్కకట్టారు. దక్షిణార్ధగోళంలో నమోదైన తుపానులలో ఇంత తక్కువ పీడనం మరొకదానికి లేదు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో అది 912 దాకా పడిందంటే తేడా తెలుస్తుంది.

మీరు పటం మీద బాణాలు కూడా గీసి ఉంటే ఒకసారి సరిచూసుకోండి. మన బంగాళాఖాతం తుపానులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి, ఫిజీ వైపువి ముల్లుతో పాటే తిరుగుతాయి. అందుకే తుపాను కదిలే దిశకు మన దగ్గర కుడి పక్క, అక్కడ ఎడమ పక్క ఎక్కువ ప్రమాదకరం. పడమటికి పోతున్న విన్‌స్టన్‌కు ఎడమ అంటే దక్షిణం. అక్కడ సుడిగాలి వేగానికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది.

మిర్యాలగూడ నుంచి లౌటోకాకు:

నేను 2016 మే నుంచి మూడేళ్లు ఫిజీలోని లౌటోకాలో నిర్మాణ పనుల పర్యవేక్షకుడిగా ఉన్నాను. తుపాను రోజున నేను అక్కడ లేను గానీ, దాని తరువాతి కాలమంతా చూశాను. మాస్టారి రెండో ప్రశ్నకు నా జవాబు అక్కడి నుంచే వస్తుంది.

ప్రాణనష్టం తక్కువగా ఉండడానికి హెచ్చరికలు ముందే అందడం, బడులను ఆశ్రయ కేంద్రాలుగా తెరవడం, ఆ సాయంత్రం దేశమంతటా కర్ఫ్యూ విధించడం కారణాలు. అయితే మనిషిని ఇంట్లో నుంచి తరలించగలం గానీ ఇంటిని తరలించలేము. 30 వేలకు పైగా ఇళ్లు కూలిపోయాయి లేదా దెబ్బతిన్నాయి. పిల్లలకు చెప్పదగిన లెక్క ఇంకొకటి: 495 బడులు దెబ్బతిన్నాయి. సుమారు 5,40,000 మంది, అంటే జనాభాలో 62 శాతం మంది బాధితులు. మన దగ్గర కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఎంత నష్టపరిచినా, దేశంలో మిగిలిన భాగం ఎప్పటిలాగే పండిస్తుంది, పన్ను కడుతుంది, సాయం పంపుతుంది. ఫిజీకి ఆ "మిగిలిన భాగం" చాలా చిన్నది.

ఇల్లు కట్టుకునే కష్టం నేను దగ్గరగా చూసినది. ప్రభుత్వం నష్టాన్ని బట్టి 1,500, 3,000, 7,000 ఫిజీ డాలర్ల చొప్పున సామాను కొనుక్కోవడానికి కార్డులు ఇచ్చింది. అక్కడి భవిష్య నిధి నుంచి కూడా సొమ్ము తీసుకోనిచ్చారు. కానీ అందరి చేతికీ ఒకేసారి డబ్బు అందేసరికి దుకాణాల్లో రేకులు, దూలాలు, మేకులు ఖాళీ అయ్యాయి. కార్డు చేతిలో పట్టుకొని నెలల తరబడి టార్పాలిన్ పట్టాల కింద గడిపిన కుటుంబాలు నాకు తెలుసు. మన దగ్గరైతే మిర్యాలగూడలో రేకు దొరకకపోతే లారీ హైదరాబాదుకు పోయి వస్తుంది, అక్కడ ఓడ రావాలి.

విన్‌స్టన్ విటిలేవు దీవిలో నేలను తాకిన రకిరకి ప్రాంతం చెరకు పొలాల నేల. 1879 నుంచి 1916 వరకు అరవై వేల మందికి పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా ఫిజీకి తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు ఓడరేవు గుండా తెలుగువారు, తమిళులు కూడా వెళ్లారు. అప్పట్లో మనం నిజాం రాజ్యంలో ఉన్నాము కాబట్టి నాకు అక్కడ నల్లగొండ మూలాలవారు ఎవరూ తగలలేదు గానీ, తాతగారి తెలుగు ముక్కలు నాలుగు దాచుకున్న కుటుంబాలు తగిలాయి. రకిరకిలోని పెనాంగ్ చక్కెర మిల్లు విన్‌స్టన్ దెబ్బకు మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. ఆ రైతులు చెరకును లారీల్లో బా దగ్గరి రరవాయి మిల్లుకు మోయవలసి వచ్చింది. గాలి ఒక్క సాయంత్రమే వీచింది, రవాణా భారం మాత్రం ప్రతి కోతకూ ఉంటుంది. కోరో దీవి మరీ ఘోరం. ఆస్ట్రేలియా యుద్ధనౌక కాన్‌బెర్రా సాయం తీసుకొని అక్కడికి వచ్చింది. యఁగోనా అని పిలిచే కావా పంటకు, అంటే వేరుతో పానీయం చేసుకునే మొక్కకు, ఆ దీవి పేరుపొందినది. మొక్క వేరు చేతికి రావడానికి మూడేళ్లకు తక్కువ పట్టదు కనుక, పడిపోయిన తోటంటే మూడేళ్ల రాబడి పోయినట్టే.

ఇంకొక్క మాట. ప్యారిస్ వాతావరణ ఒప్పందాన్ని మొట్టమొదట ఆమోదించిన పార్లమెంటు ఫిజీదే, 2016 ఫిబ్రవరి 12న. సరిగ్గా ఎనిమిది రోజులకు విన్‌స్టన్ వచ్చింది.

అలంపూర్ రైతు:

అన్నా, మీరు చెప్పినదానితో చాలా వరకు ఏకీభవిస్తాను గానీ, మన దగ్గర సాయం సులువుగా అందుతుందన్న మాట అంత తేలికగా ఒప్పుకోలేను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి మునిగినప్పుడు, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా వైపు కూడా దీవిలాగే అయింది. రోడ్లు తెగాయి, అవతల కర్నూలు కూడా నీటిలోనే ఉన్నది. నీళ్లు దిగాక లారీలు వచ్చిన మాట నిజమే. కానీ మట్టి మేట వేసిన పొలాన్ని బాగు చేసుకోవడానికి మాకూ ఏళ్లు పట్టింది.

దేవరకొండ సోషల్ టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. బాణాలు నేను మన బంగాళాఖాతం లెక్కనే గీశాను, ఈ రోజు తుడిచి మళ్లీ గీశాను. ఆ అమ్మాయి వెంటనే ఇంకొకటి అడిగింది: వెనక్కి తిరిగే తుపాను భూమధ్యరేఖ దాటి మన వైపు రాగలదా?

పాలమూరు వాన లెక్కలు:

రాలేదు. భూభ్రమణం వల్ల గాలికి వచ్చే వంపే తుపానును తిప్పుతుంది, భూమధ్యరేఖ దగ్గర ఆ వంపు దాదాపు సున్నా, దాటితే వ్యతిరేక దిశలో ఉంటుంది. సాధారణంగా అయిదు డిగ్రీల అక్షాంశం లోపల తుపానులు పుట్టడమే అరుదు. రేఖ దాటిన తుపాను ఇంతవరకు నమోదు కాలేదని ఆమెకు చెప్పండి.