ఇంగ్లీషు ‘వాలీ’ (volley) అన్న మాటకి తెలుగులో మీరేం రాస్తారు?

డెస్క్‌లో_కొత్త:
పేపర్ డెస్క్‌లో చేరి రెండు నెలలైంది. మొన్న ఒక పోలీసు అధికారి అంత్యక్రియల వార్తలో ‘మూడు వాలీలు కాల్చారు’ అని ఇంగ్లీషు కాపీలో ఉంటే, ‘మూడు తూటాలు కాల్చారు’ అని రాసి పంపేశాను. తెల్లారేసరికి మా ఇన్‌ఛార్జి ఫోన్ చేసి తలంటారు. నిన్న టెన్నిస్ వార్తలో మళ్లీ అదే మాట. ఇవాళ అసెంబ్లీ వార్తలో ‘ప్రశ్నల వాలీ’. తుపాకీకీ, బంతికీ, ప్రశ్నకీ ఒకే మాటేంటండీ?

పాత_ఎన్‌సీసీ:
తమ్ముడూ, వరసలో పది మంది నిలబడి, ‘ఫైర్’ అన్న ఒక్క కేకకి పది రైఫిళ్లూ ఒకేసారి పేలితే అది ఒక వాలీ. అలా మూడుసార్లు. అంటే పేలినవి మూడు కాదు, ముప్పై. అందులోనూ అవి తూటాలు లేని, ఉత్త చప్పుడు చేసే బ్లాంకులు. కాబట్టి రెండు విధాలా తప్పే రాశావు! ‘గాల్లోకి మూడు రౌండ్లు కాల్పులు జరిపి’ అని పేపర్లు ఎప్పట్నుంచో రాస్తున్నాయి, అది చాలు. రిపబ్లిక్ డేనాటి 21 తుపాకుల వందనం ఇది కాదు, అక్కడ పేలేవి ఫిరంగులు.
ఒకేసారి ఎందుకంటే, పాతకాలపు మస్కెట్ తుపాకులకి గురి కుదిరేది కాదు, మళ్లీ మందు కూరడానికి బోలెడు సేపు పట్టేది. ఒక్కడి తూటా ఎటుపోతుందో తెలీదు గానీ, వరసంతా కలిసి కాలిస్తే కొన్నయినా తగులుతాయి.

నిఘంటువు_పురుగు:
మూలం చూస్తే చిక్కు విడిపోతుంది. లాటిన్‌లో ‘వొలారే’ అంటే ఎగరడం. దాని నుంచి ఫ్రెంచి ‘వొలే’, అక్కణ్ణుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకి వచ్చింది. గుంపుగా ఎగిరేవి తూటాలు కావచ్చు, బాణాలు కావచ్చు, తిట్లు కావచ్చు. ఆటలో మాత్రం గుంపు అక్కర్లేదు, బంతి ఇంకా ఎగురుతూ ఉండాలి, అంతే.
నేను పిల్లలకి ఇలా చెబుతా: నేల మీద వాలకముందే కొడితే వాలీ. ఇంగ్లీషు మాటకి ఎగరడం, తెలుగు మాటకి దిగడం. రెండూ ఒకేలా వినిపించడం తమాషా.

కిష్కింధ_కుర్రాడు:
రాముడు వాలిని కొట్టింది ఒక్క బాణంతోనే. కాబట్టి అది వాలీ కాదు 😀

సాయంత్రం_కోచ్:
టెన్నిస్ వరకు నేను చెబుతా. నెట్ దగ్గరికొచ్చి, బంతి నేల తాకకముందే కొట్టేది వాలీ. కొత్తగా వచ్చిన పిల్లలంతా క్రికెట్ బ్యాట్ తిప్పినట్టు రాకెట్‌ని వెనక్కి లాగి ఊపుతారు, బంతి కంచె అవతల తేలుతుంది. మణికట్టు బిగించి, ముందుకి చిన్నగా గుద్దినట్టు కొట్టాలి. ఒక మెలిక ఉంది: అవతలివాడి సర్వీసుని వాలీ చేయకూడదు. నేల తాకకముందే ముట్టుకుంటే పాయింటు వాడిదే.
హాఫ్ వాలీ అంటే నేల తాకి లేస్తున్న క్షణంలోనే కొట్టడం. టెన్నిస్‌లో అది తిప్పలు, క్రికెట్‌లో బౌలర్ హాఫ్ వాలీ వేస్తే బ్యాట్స్‌మన్‌కి పండగ.

ఫుట్‌బాల్_పిచ్చోడు:
2002 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, గ్లాస్గో. ఆకాశంలోంచి దిగుతున్న బంతిని ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఎడమకాలితో కొట్టిన గోలు ఒకసారి చూడండి. ఇంక అర్థం అడగరు.

డల్లాస్_సుబ్బు:
ఇక్కడ మన తెలుగువాళ్లంతా శనివారం పొద్దున్న పికిల్‌బాల్ అనే టెన్నిస్ లాంటి ఆటకి పోతున్నారు. నెట్‌కి రెండు వైపులా ఏడేసి అడుగుల స్థలం ఉంటుంది, దాని ముద్దుపేరు కిచెన్. అందులో నిలబడి వాలీ కొడితే ఫాల్ట్. బయట నుంచి కొట్టి, ఆ ఊపులో లోపలికి అడుగుపడినా ఫాల్టే. మా ఆవిడ నన్ను ‘కిచెన్‌లోకి రావద్దు’ అనడం అక్కడే మొదటిసారి విన్నాను.

బ్యాక్‌కోర్ట్_బుజ్జి:
మరి వాలీబాల్? మా ఊళ్లో ఆడిన పదేళ్లూ ఆ పేరెందుకో ఆలోచించలేదు.

నిఘంటువు_పురుగు:
అదే కారణం, బంతిని నేల మీద పడనివ్వరు కదా. 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో విలియం మోర్గన్ ఈ ఆట మొదలుపెట్టినప్పుడు పేరు మింటొనెట్. మరుసటి ఏడు ఆట చూసినవాళ్లలో ఒకరు వాలీబాల్ అనమంటే అదే నిలిచింది.

డెస్క్‌లో_కొత్త:
ఇంతకీ నా ‘ప్రశ్నల వాలీ’ సంగతి? ‘ప్రశ్నల వర్షం కురిపించారు’ అని పెట్టేయనా?

గోదారి_గట్టు:
వర్షం అనకు బాబూ. ఈ దేశంలో ప్రతి విలేకరీ కురిపించేది అదే. ‘పుంఖానుపుంఖాలుగా అడిగారు’ అను. పుంఖమంటే బాణం వెనక ఈకల కొస. ఒక బాణం కొస వెంటే ఇంకో బాణం అన్నమాట. మూలంలో ఉన్న బాణాలు ఇక్కడా ఉన్నాయి.

పాత_ఎన్‌సీసీ:
కానీ గురువుగారూ, అది ఒకదాని వెనక ఒకటి. వాలీ అంటే అన్నీ ఒకేసారి.

గోదారి_గట్టు:
నిజమే. సభలో అడిగింది ఒక్కరా, పది మందా?

డెస్క్‌లో_కొత్త:
పది మంది లేచారండీ, ఒకేసారి.

గోదారి_గట్టు:
అయితే ‘ఒక్కుమ్మడిగా ప్రశ్నలు సంధించారు’ అని రాయి. ఒక్కరే ఊపిరి తీసుకోకుండా అడిగితే పుంఖానుపుంఖాలు. తిట్లయితే ఈ గొడవే లేదు, ‘తిట్ల దండకం అందుకున్నారు’ అనొచ్చు.

డెస్క్‌లో_కొత్త:
ఒక్కుమ్మడి పెట్టాను. ఇన్‌ఛార్జి చదివి, పేజీ కిందకి లాగి, ‘టీ తాగావా?’ అన్నారు. మా డెస్క్‌లో దాన్నే మెచ్చుకోలు అంటారట.