మాటిమాటికీ మోగే ఫైర్ అలారం: బజర్ బంద్ పెట్టాలా, బాగు చేయించాలా?

హంటర్ రోడ్ ఫ్లాట్

మాది హనుమకొండ హంటర్ రోడ్ పక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. బిల్డర్ కట్టేటప్పుడే కారిడార్లలో, ప్రతి ఫ్లాట్ హాల్లో, వంటింట్లో స్మోక్ డిటెక్టర్లు పెట్టించాడు. ఈ డిటెక్టర్లన్నీ కలిసే కంట్రోల్ ప్యానెల్ గ్రౌండ్ ఫ్లోర్‌లో వాచ్‌మన్ గది పక్కన ఉంది. ఎవరింట్లోనో ఎండుమిర్చి పోపు మాడితే మోగుతుంది, సాంబ్రాణి వేస్తే మోగుతుంది, వానాకాలం రాత్రి ఏమీ లేకుండానే మోగుతుంది. పెద్దవాళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేచి మెట్లు దిగుతున్నారు. పోయిన సంక్రాంతికి మూడో అంతస్తులో సకినాలు కాలుస్తుంటే ఒకటే మోత. విసుగొచ్చి అసోసియేషన్ వాళ్లు బజర్ వైరు పీకించారు. ఇప్పుడు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యూవల్ వచ్చింది. సగం మంది ఆ డబ్బులతో సీసీ కెమెరాలు పెంచుదాం అంటున్నారు. ఈ ఆదివారం మీటింగ్ ఉంది, లొల్లి ఖాయం. మీరేమంటారు?

బాలసముద్రం పెద్దమనిషి

తీసేయించండి. ఇన్నిసార్లు ఉత్తగా మోగిన దాన్ని రేపు నిజంగా మంట లేచినా ఎవరూ లెక్కచేయరు. నాన్నా పులి కథే. మంచి వాచ్‌మన్‌ను పెట్టుకోండి, అంతస్తుకో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టండి, అది వాడటం ఆడవాళ్లకూ మగవాళ్లకూ నేర్పించండి. దొంగల అలారాల సంగతీ అంతే. 2024 నవంబర్‌లో మన పక్కనే, వరంగల్ జిల్లా రాయపర్తిలో, బ్యాంకులోకి దొంగలు కిటికీ గుండా దూరి అలారం వైర్లు తెంపారు, పోతూ పోతూ కెమెరాల రికార్డింగ్ ఉండే డబ్బా, డీవీఆర్ కూడా ఎత్తుకుపోయారు. బ్యాంకుకే దిక్కు లేనప్పుడు మన ఇళ్లకు ఈ డబ్బాలు ఏం కాపలా కాస్తాయి?

కాజీపేట ప్యానెల్ టెక్నీషియన్

పెద్దాయన ఎక్స్‌టింగ్విషర్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. తీసేయమనడాన్ని మాత్రం ఒప్పుకోలేను. నా పనే ఈ ప్యానెళ్లు చూడటం. ఉత్తగా మోగే అలారానికి దాదాపు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది, అది దొరుకుతుంది కూడా. వెతికే ఓపిక లేక వైరు పీకేస్తారు.

ముందు వంటింటి సంగతి. స్మోక్ డిటెక్టర్ లోపల చిన్న చీకటి గది లాంటిది ఉంటుంది. అందులో ఒక కాంతి కిరణం పోతూ ఉంటుంది. పొగ రేణువులు చేరితే కాంతి చెదిరి సెన్సర్ మీద పడుతుంది, అప్పుడు మోగుతుంది. అది ఏ రేణువో దానికి తెలియదు. పోపు పొగ, కుక్కర్ ఆవిరి, సిమెంటు దుమ్ము, లోపలికి దూరిన చిన్న పురుగు, దానికి అన్నీ ఒకటే. మీకు వానాకాలం రాత్రి మోగేది చాలావరకు పురుగుల వల్లే అయి ఉంటుంది. కారిడార్ ట్యూబ్‌లైటు పక్కనే డిటెక్టర్ ఉందేమో చూడండి. వంటింట్లో పెట్టాల్సింది అసలు స్మోక్ డిటెక్టర్ కాదు, హీట్ డిటెక్టర్. అది సుమారు 57 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, పొగను పట్టించుకోదు. పై అంతస్తులో స్లాబు కింద మే నెల వేడికి అది కూడా అనవసరంగా మోగే వీలుంది కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ డిగ్రీల రకం అడగండి. ఈ మార్పు ఒక్కటి చేస్తే సకినాల గొడవ సగం తీరుతుంది.

ఇంకొకటి అందరూ చేసే పని. మోగగానే వాచ్‌మన్ పరుగున వెళ్లి రీసెట్ నొక్కుతాడు. దాంతో ఆనవాలు పోతుంది! పాతరకం ప్యానెల్ ఏ అంతస్తో, ఏ జోనో మాత్రమే చూపిస్తుంది. మోగించిన డిటెక్టర్ మీద ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతూ ఉంటుంది, మిగతావి అప్పుడప్పుడు మిణుకుమంటాయి. మంట లేదని ఖాయం చేసుకున్నాక, రీసెట్ చేసే ముందు ఆ అంతస్తంతా తిరిగి ఎర్ర లైటు ఏ డిటెక్టర్‌దో చూసి ఒక నోట్‌బుక్కులో రాయాలి. కొన్నాళ్లకు అదే డిటెక్టర్ పేరు మళ్లీ మళ్లీ కనబడుతుంది. దాన్ని విప్పి శుభ్రం చేస్తే సరి, కాకపోతే మార్చాలి. మొత్తం సిస్టమ్ ఎత్తేయాల్సిన పని లేదు.

రంగులు వేయించినప్పుడు డిటెక్టర్లకు ప్లాస్టిక్ టోపీ తొడుగుతారు. నేను వెళ్లిన చాలా బిల్డింగుల్లో ఆ టోపీలు అట్లనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. ప్యానెల్ మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, అంతా బాగుందని అందరి నమ్మకం.

ఇప్పుడు అసలు మాట. 2025 మే 18 తెల్లవారుజామున హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు, వాళ్లలో చిన్నపిల్లలు ఎందరో. పొగే ఎక్కువ ప్రాణాలు తీసింది. నిద్రలో ఉన్నవాడిని పొగ వాసన లేపదు, ఇంకా మత్తులోకి తోస్తుంది. లేపేది చప్పుడు ఒక్కటే. దాన్ని పీకేసి కెమెరాలు పెడతామంటున్నారు. కెమెరా మనల్ని నిద్రలేపుతుందా?

దేశాయిపేట అక్క

మాది మామూలు ఇల్లు, ప్యానెల్ లేదు. మా వారు బ్యాటరీతో నడిచే స్మోక్ అలారం ఒకటి, గ్యాస్ లీక్ అలారం ఒకటి తెచ్చారు. గ్యాస్‌ది వంటింట్లో పైన అటక దగ్గర బిగించారు. స్మోక్‌ది నిమిషానికోసారి కీచుమంటోంది, అత్తమ్మ పరేషాన్ అవుతున్నారు. పైగా ఆమెకు చెవులు సరిగా వినబడవు. నిజంగా మోగితే ఆమెకు తెలిసేదెట్లా?

కాజీపేట ప్యానెల్ టెక్నీషియన్

అక్కా, ముందు గ్యాస్ అలారం కిందికి దించండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్ కనెక్షన్ అయితే అది తేలిక కాబట్టి పైనే పెట్టాలి. అది మోగితే లైటు స్విచ్ వేయొద్దు, ఉన్నది ఆర్పొద్దు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చాక గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబర్ 1906కు ఫోన్ చేయండి.

కీచుమంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. చాలామంది బ్యాటరీ తీసి పక్కన పడేస్తారు, అట్లా చేయకండి, కొత్తది వేయండి. వెనకాల తయారైన తేదీ ఉంటుంది, పదేళ్లు దాటితే అలారాన్నే మార్చాలి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. అత్తమ్మ కోసం లైటు మెరిసేవి, దిండు కింద పెడితే వణికేవి దొరుకుతాయి. అవి కొనేదాకా ఆమెను లేపే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి, అది ఎవరో ముందే అనుకోండి. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే రాత్రిపూట పడుకునే చోట బ్యాటరీ చార్జింగ్ పెట్టనివ్వకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో అట్లా చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక ముసలాయన చనిపోయారు.

బాలసముద్రం పెద్దమనిషి

తమ్ముడూ, హీట్ డిటెక్టర్ సంగతి నాకు కొత్త విషయం, అది ఒప్పుకుంటాను. నా మాట అయినా ఖర్చు దగ్గరే ఆగుతుంది. ఏఎంసీ తీసుకున్నవాడు ఏడాదికోసారి వచ్చి సంతకం పెట్టించుకుని పోతాడు. ఆ డబ్బు దండగే కదా? దొంగల అలారానికీ జవాబు చెప్పలేదు నువ్వు. మా వీధిలో ఒకాయన మేడారం జాతరకు పోతూ సెన్సర్లు ఆన్ చేసి పోయాడు. గోడ మీద బల్లి పాకినప్పుడల్లా మోగి వీధి వీధంతా జాగారం చేసింది.

కాజీపేట ప్యానెల్ టెక్నీషియన్

ఏఎంసీ విషయంలో మీ కోపం న్యాయమే అన్నా. అందుకే కాగితం మీద ఏం చేస్తారో రాయించుకోవాలి. ప్రతి డిటెక్టర్‌కూ పొగ స్ప్రే కొట్టి చూడాలి, కరెంటు తీసేసి బ్యాటరీ మీద బజర్ మోగించాలి. ప్యానెల్ బ్యాటరీలు మన ఎండలకు తొందరగా పోతాయి, మూడు నాలుగేళ్లకు మార్చాల్సిందే. కమిటీ నుంచి ఒకరు పక్కన నిలబడితేనే బిల్లు మీద సంతకం. పనిచేయనివాడిని మార్చండి, పనినే ఆపకండి.

బల్లి నిజంగానే మోగిస్తుంది. ఆ సెన్సర్ చూసేది ఒంటి వేడి కదలికను. బల్లి నేరుగా దాని లెన్స్ మీద పాకితే మనిషంత పెద్దగా కనబడుతుంది. లైటుకు దూరంగా, ఏసీ గాలి తగలని మూలలో పెట్టాలి. ఇంకో చిక్కుంది. మే నెలలో తాళం వేసిన ఇల్లు ఒంటి వేడి అంత కాగితే అది మనిషిని సరిగా పట్టలేదు. కాబట్టి తలుపులకు, కిటికీలకు అయస్కాంతం సెన్సర్లే ముఖ్యం. సిమ్ ఉన్న ప్యానెల్ అయితే ఊరెళ్లే ముందు రీచార్జ్ చూసుకోండి, గడువు అయిపోతే ఫోన్ రాదు. రాయపర్తి నుంచి మనం నేర్చుకోవాల్సింది కూడా ఇదే: వైరు తెగినా మోగేలా పెట్టించుకోవాలి, ఆ ఏర్పాటు ఉంటుంది. పోలీస్ స్టేషన్‌లో చెప్పి, పక్కింటివాళ్లకు నంబర్ ఇచ్చి పొండి.

హంటర్ రోడ్ ఫ్లాట్

నిన్న వాచ్‌మన్‌తో కలిసి అన్ని అంతస్తులూ తిరిగాను. రెండో అంతస్తు కారిడార్‌లో మూడు డిటెక్టర్లకు టోపీలు ఉన్నాయి, తీయించాను. ఆదివారం మీటింగ్‌లో బజర్ వైరు కలపడం, వంటిళ్లలో హీట్ డిటెక్టర్లు, నోట్‌బుక్కు, ఈ మూడూ పెడుతున్నాను. పెద్దాయన చెప్పినట్టు ఎక్స్‌టింగ్విషర్ వాడటం కూడా ఆ రోజే నేర్పిద్దాం అనుకుంటున్నాం. కెమెరాల వాళ్లు ఊరుకోరు, తెలుసు. ఓటింగ్ అయ్యాక ఇక్కడ రాస్తాను.